ముట్టుకోని పిల్ల

మొగుడు పనికి వెళ్ళి తలుపు మూసుకోగానే ఆ ఇంట్లో బడి మొదలయ్యేది.

బడి అంటే ముందు గది. టీచరంటే తల్లి. చదువుకునేది ఏడేళ్ళ కూతురు, ఇంట్లో అందరూ అమ్మలు అంటారు. ఇక గంటా, ప్యూనూ, అల్లరి మూకా, వీధి కుక్కా అన్నీ కలిపి ఒక్కడే, ఇంకా రెండేళ్ళు నిండని కొడుకు, పిడుగు.

వాణ్ణి ఆపడానికని మొగుడు ఒక చెక్క కంచె చేసి పెట్టాడు. నాలుగు పక్కలా కర్రలు, మధ్యలో పాత పరుపు. వాణ్ణి అందులో దించితే వీధి చివరిదాకా వినపడేలా ఏడ్చాడు. ఏడ్చి ఏడ్చి కర్రల మీద కక్కాడు. కక్కి ఊరుకున్నాడా, దాన్ని అరచేత్తో గోడకి వెల్ల వేసినట్టు పులిమాడు. అది కడిగాక తల్లికి ఒక ఉపాయం తట్టింది. కంచె తీసెయ్యలేదు. అమ్మలుని పుస్తకాలతో సహా లోపల కూర్చోబెట్టి, వాణ్ణి బయట వదిలేసింది. లోపలికి వాడి చెయ్యి అందదు, చీమిడి అందదు. అమ్మలు ఏడవలేదు కూడా.

"పద్నాలుగులోంచి ఆరు తీసేస్తే ఎంత... ఛీ! ఉమ్ము! ముందు ఉమ్మరా! బూటు నాకుతున్నావట్రా, ఎక్కడెక్కడ తొక్కిన బూటో అది, ఛీ ఛీ... ఎంతన్నావు?"

"ఎనిమిది," అంది అమ్మలు కంచెలోంచి.

"ఊఁ. ఇరవై మూడులోంచి... ఒరేయ్, చెత్తబుట్ట!"

ఇలా సాగేది చదువు. మధ్యాహ్నానికి తల్లి చేతులు సబ్బు నీళ్ళకి నాని ముడతలు పడేవి. కుర్చీ కాళ్ళకి అరటిపండు, కిటికీ అద్దం మీద నాలుక జాడలు, సోఫా సందులో నమిలి దాచిన బిస్కెట్టు, పాల సీసా కింద ఎప్పటిదో పుల్లటి మడుగు. ఒకసారి కంచె బయట మర్చిపోయిన తీసివేతల పుస్తకం మీద వాడు నిలబడి ఉచ్చ పోశాడు. ఆమె ఆ పుస్తకాన్ని రెండు వేళ్ళతో పట్టుకెళ్ళి బయట పారేసి, వేళ్ళు కడుక్కుని, మళ్ళీ కడుక్కుని, వచ్చి వాడి మొహం చూసింది. వాడు నవ్వుతున్నాడు. ముక్కు నుంచి పెదవి దాకా పచ్చగా ఒక గీత. ఆ గీతని నాలుకతో అందుకున్నాడు.

కన్నకొడుకుని చూసి కడుపులో తిప్పడం ఏమిటని ఆమెకీ అనిపించేది. కానీ కడుపు ఆమె మాట వినదు. చిన్నప్పటి నుంచీ ఆమెకి రోత ఎక్కువ. ఎవరైనా టీ జుర్రితే అక్కడి నుంచి లేచిపోయేది. దువ్వెనలో ఒకరి వెంట్రుక కనపడితే ఆ పూటకి తిండి సయించేది కాదు. పెళ్ళయ్యాక మొగుడు లారీల షెడ్డు నుంచి గ్రీజు చేతులతో వస్తే గుమ్మం దగ్గరే బకెట్టు, సబ్బు. "మా ఇంట్లోకి రావాలంటే పాస్‌పోర్టు అక్కర్లేదురా, సబ్బుంటే చాలు," అని ఆయన తోటి మెకానిక్కులతో అంటాడట.

అమ్మలుని బడి మాన్పించిందీ ఆ రోతే. నిరుడు పిల్లకి జ్వరం వచ్చింది, పొత్తికడుపు పట్టుకుని మెలికలు తిరిగింది. డాక్టరు చూసి, "పగలంతా ఒంటికి పోకుండా బిగబట్టుకుంటోందమ్మా, అడగండి ఎందుకో," అన్నాడు. అడిగితే పిల్ల నోరు విప్పలేదు. తల్లే బడికి వెళ్ళి బాత్రూమ్ తలుపు తోసింది. కుళాయి ఉంది, నీళ్ళు లేవు. నేల మీద ఏది తడో, ఏది మరకో తెలియలేదు. గోడ మీద ఎవరో వేళ్ళు తుడుచుకున్న చారలు. ఆమె బయటికొచ్చి బడి గేటు పట్టుకుని వాంతి చేసుకుంది. ఆ కాళ్ళతోనే తరగతికి వెళ్ళి పిల్ల చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చేసింది. ఆ పేటలో ఇంకో బడి లేదు.

ఇంట్లో చదివించే పిల్లల్ని ఏడాదికోసారి విద్యాశాఖ నుంచి ఒకావిడ వచ్చి చూస్తుంది. పిల్లకి చదువు వస్తోందని ఆవిడ సంతకం పెడితే ఇంకో ఏడాది ఇల్లే బడి. పెట్టకపోతే మళ్ళీ ఆ తలుపే. ఆవిడ వచ్చే రోజు రానే వచ్చింది.

"ఏవండీ, ఈ ఒక్క పూట వీణ్ణి మీతో తీసుకుపొండి," అంది తల్లి.

"షెడ్డుకా? సైలెన్సర్ నాకుతాడే వీడు. తర్వాత వీడితోపాటు నన్నూ నాలుగు రోజులు బయటే నిలబెడతావు."

"నవ్వులాట కాదు. అమ్మలు తప్పితే మళ్ళీ ఆ దొడ్లోకే పంపాలి."

"తప్పదులేవే. నాకు రాని లెక్కలు దానికొచ్చు." ఆయన కంచె మీదుగా వంగి కూతురి బుగ్గ మీద ముద్దు పెట్టబోయాడు. అమ్మలు వెనక్కి జరిగింది.

"నాన్నా, మూతి కడుక్కున్నావా?"

"కడుక్కోలేదు తల్లీ, క్షమించు," అని ఆయన పెద్దగా నవ్వాడు. "అచ్చం నువ్వేనే. పోత పోసినట్టుంది."

తల్లికి ఆ మాట ఇష్టంగానే తోచింది. పిల్ల జడలు మరోసారి సరిచేసింది.

వచ్చినావిడ పెద్ద వయసు మనిషి. జలుబు చేసి ఉంది. గుమ్మంలోనే గట్టిగా చీది, రుమాలు మడిచి జాకెట్టులో దోపుకుంది. కుర్చీలో కూర్చుని సంచిలోంచి కాగితాలు తీసి, వేలు నాలుక మీద రాసుకుని ఒక్కో పేజీ తిప్పింది. పేజీ తిప్పినప్పుడల్లా నాలుక. తల్లి మొహం పక్కకి తిప్పుకుంది. కంచెలోంచి అమ్మలు కూడా సరిగ్గా అప్పుడే మొహం తిప్పుకుంది. ఇద్దరి కళ్ళూ కలిశాయి.

"లోపల ఉండాల్సింది వాడు కదమ్మా?" అంది ఆవిడ కంచె వైపు చూసి.

"వాణ్ణి పెడితే ఏడుస్తాడు మేడమ్. ఇది ఏడవదు."

"బాగుంది," అంది ఆవిడ. ఏం బాగుందో చెప్పలేదు.

ఈలోగా పిడుగు సోఫా కింద దూరి, దుమ్ము అంటిన గుడ్డు ముక్క ఒకటి పట్టుకొచ్చాడు. అది ఎన్నాళ్ళ కిందటిదో, అంచులు ఎండి నల్లబడ్డాయి. వాడు దాన్ని ఒకసారి కొరికి, మిగతాది ఆవిడ నోటి దగ్గర పెట్టాడు. "ఆఁ," అన్నాడు.

తల్లికి గొంతులోకి పుల్లగా ఏదో వచ్చింది. "ఛీ! ఒరేయ్! క్షమించండి మేడమ్, వీడు మనిషి కాదు, పంది..."

"ఉండమ్మా. ఏం నాయనా, నాకే? మొత్తం నాకేనా?" ఆవిడ ఆ ముక్క తీసుకుని, తిన్నట్టు నటించి, కాగితంలో చుట్టి సంచిలో వేసుకుంది. చెయ్యి చీరకి తుడుచుకుంది. కడుక్కోలేదు. అదే చేత్తో పుస్తకం తీసి అమ్మలు వైపు చాపింది.

అమ్మలు పుస్తకం అందుకోలేదు. "అక్కడ పెట్టండి, నేను చూసి చదువుతాను," అంది.

ఆవిడ పుస్తకాన్ని కంచె మీద ఆనించి పట్టుకుంది. పిల్ల గడగడా చదివేసింది. ఎక్కడా ఆగలేదు. లెక్కలు ఇస్తే నోటితోనే చెప్పేసింది. ఆవిడ కష్టమైనవి అడిగింది, అవీ చెప్పింది. తల్లికి భుజాలు తేలికపడ్డాయి. ఈ మనిషి ఎలాంటిదైతే నాకేం, సంతకం పెట్టి పోతే ఆ కుర్చీ డెట్టాల్‌తో తుడుచుకుంటాను అనుకుంది.

"ఇంక ఒక్కటే అమ్మా," అని ఆవిడ బొమ్మల అట్టలు తీసింది. "ఇవి చూసి, ఒక్కోదాని గురించి నీకు తోచింది చెప్పు. తప్పులూ ఒప్పులూ లేవు."

మొదటిది ఆవు.

"ఆవు. వెనక పేడ అంటుకుని ఉంటుంది. ముట్టుకోకూడదు."

ఆవిడ నవ్వింది. వాన బొమ్మ చూపించింది.

"వాన. బురద అవుతుంది. బూట్లు లోపలికి తేకూడదు."

"బాగా చెప్పావు. ఇది?"

"చెయ్యి. గోళ్ళలో కనపడని పురుగులుంటాయి."

మామిడిపండు చూపిస్తే, కారుతుంది, మోచేతి దాకా జిగురవుతుంది అంది. పావురం చూపిస్తే రెట్ట అంది. ఆవిడ నవ్వు తగ్గింది. ఒక బొమ్మలో పిల్లలంతా చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతున్నారు. అమ్మలు దాన్ని చాలాసేపు చూసింది.

"వాళ్ళ చేతులు తడిగా ఉంటాయి," అంది చివరికి.

"ఆడుకుంటున్నారు కదా?"

"అవును. తడిచేతులతో."

తల్లి తన కూతురి మొహం వైపు చూసింది. పిల్ల ముక్కు ఒక పక్కకి ముడుచుకుంది, పై పెదవి కొంచెం లేచింది. ఆ ముడత ఎవరిదో చెప్పడానికి అద్దం అక్కర్లేదు. ఇంత చిన్న మొహం మీద అది చూడ్డానికి అసహ్యంగా ఉంది. ముసలిదాని మొహం తెచ్చి అతికించినట్టుంది.

ఆవిడ అట్టలు పక్కన పెట్టింది. ఇంక అడగాల్సిందేమీ లేకపోయినా మెల్లగా అడిగింది. "మీ తమ్ముడి గురించి చెప్పమ్మా."

"వాడు రోత," అంది అమ్మలు, ఎనిమిది అన్నంత మామూలుగా. "పైనుంచీ కిందనుంచీ కారుతూ ఉంటాడు. వాణ్ణి చూస్తే అమ్మకి వాంతొస్తుంది."

"నువ్వు చెప్పేది..." అనబోయింది ఆవిడ.

"నన్ను చూస్తే రాదు. నేను దేన్నీ ముట్టుకోను కదా, అందుకని."

పిడుగు గుమ్మంలో ఆవిడ విడిచిన చెప్పు పట్టుకొచ్చాడు. దాని పట్టీ నోట్లో పెట్టుకున్నాడు. ఉమ్మరా అని ఎవరూ అనలేదు.

ఆవిడ పెన్ను తీసింది. తల్లి వైపు చూడకుండా మాట్లాడింది. "చదువు వయసుకి మించే వచ్చింది. సంతకం పెట్టకుండా ఉండటానికి నాకు కారణం లేదు. ఈ కాగితం అడిగేది చదువు గురించే. మిగతాదానికి ఇందులో చోటు లేదమ్మా."

ఇంతకాలం ఎదురు చూసిన సంతకం. పెన్ను కాగితం మీద ఆనింది. తల్లి కంచె వైపు చూసింది. లోపల పిల్ల, మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని, గౌను అంచు కూడా కర్రలకి తగలకుండా సర్దుకుని, తెల్లగా, పొడిగా కూర్చుని ఉంది. ఆ పొడితనం చూస్తే తల్లికి బడి గేటు దగ్గర తిప్పినట్టే తిప్పింది. ఈసారి కక్కడానికి ఏమీ లేదు.

"పెట్టకండి," అంది.

"ఏమన్నావు?"

"సోమవారం నుంచి బడికి వస్తుందని రాయండి మేడమ్."

ఆవిడ పెన్ను పైకెత్తింది. "నేను అబద్ధం చెప్పను. నువ్వు అర్జీలో రాసిన ఆ బాత్రూమ్ ఏం మారలేదు. మొన్న వెళ్ళినప్పుడు నేనే ముక్కు మూసుకుని బయటపడ్డాను. నీళ్ళు కూడా రావడం లేదు."

"తెలుసు."

"పైవాళ్ళకి రాశాను. ఇంకా రాస్తాను. కానీ అది అయ్యేదాకా..."

"నేను కూడా వస్తాను. రోజూ వచ్చి అరుస్తాను. నాకు అరవడం బాగా వచ్చు," అంది తల్లి. ఆమె గొంతులో ధైర్యమేమీ లేదు. ఆ తలుపు, ఆ చారలు, ఆ వాసన అన్నీ ఇప్పుడే ముక్కులోకి వచ్చాయి. "అయినా రాయండి."

ఆవిడ రాసింది. వాడి నోట్లోంచి చెప్పు లాక్కుని, తడిచిన పట్టీతోనే కాలికి తొడుక్కుని వెళ్ళిపోయింది. కుర్చీ తుడవాలన్న సంగతి తల్లికి గుర్తొచ్చింది కానీ కదల్లేదు.

"అమ్మా, నేనేం తప్పు చెప్పాను?" అంది అమ్మలు. "అన్నీ చెప్పాను కదా."

"ఏం తప్పు చెప్పలేదు. నేను నేర్పినవన్నీ చెప్పావు."

"మరి బడికి ఎందుకు?"

తల్లి కంచె తలుపు గడి తీసి, కూతురి ముందు నేల మీద కూర్చుంది. పిడుగు వెనక నుంచి వచ్చి ఆమె మెడ మీద మొహం రుద్దాడు. చల్లగా, జిగురుగా ఏదో వీపు మీదికి జారింది. ఆమె ఒళ్ళంతా జలదరించింది. అమ్మలు అది చూసింది. చూసే పిల్ల, ఏదీ వదలదు.

"రోతగా ఉందా?"

"ఉంది," అంది తల్లి. వాణ్ణి విదిలించుకోలేదు. వాడు ఇంకోసారి రుద్దాడు.

అమ్మలు ఆ రెండు మొహాల్నీ మార్చి మార్చి చూసింది. లెక్క తేలనప్పుడు చూసే చూపు అది. ఆ పిల్ల ఎప్పుడూ అలా చూడాల్సి రాలేదు.

"బడిలో పిల్లలు నన్ను ముట్టుకుంటే?"

కడుక్కోమని చెప్పొచ్చు. దూరంగా ఉండమని చెప్పొచ్చు. ఇన్నాళ్ళూ ఆమె చెప్పిన చదువంతా అదే.

"ముట్టుకుంటారు," అంది తల్లి.

అమ్మలు రెండు చేతులూ వీపు వెనక్కి దాచుకుంది.