ఎండ తిన్న సీసా

ఆరేళ్లు గిన్నెలు కడిగాక నన్ను టేబుళ్ల దగ్గర వడ్డనకు పెట్టారు. నాలుగో రోజే తీసేశారు. తప్పు నాదే అంటారా? అనుకోండి, నాకేం.

ఎక్కడో సముద్రం మధ్య ఒక చిన్న దీవి ఉందట. అలల ఒడ్డునే ఒక చిన్న ద్రాక్షతోట. అక్కడి తెల్ల వైను పన్నెండు సీసాలు మా మేనేజరు తోమా సార్ గల్ఫులో ఈ మనామా హోటలుకు తెప్పించాడు, శుక్రవారం మధ్యాహ్నం విందు కోసం. ఆగస్టు నెల. సామాను రేవులో రెండు రోజులు ఏసీ లేని లారీలో పడి ఉంది.

పెట్టె విప్పగానే నాకు అర్థమైంది. బిరడాలు సీసా మూతి దాటి పైకి పొంగి ఉన్నాయి. ఒకటి తీస్తే ఉడికిన పండు వాసన. మాది జగిత్యాల దిక్కు, కల్లు గీసే గౌండ్ల ఇల్లు. మా నాయిన రాజనర్సు ఎండ తగిలిన కల్లును పారబోసేవాడు గానీ అమ్మేవాడు కాదు. ఎవరికి వంచినా ముందు వాళ్ల కళ్లెదుటే తానొక గుక్క తాగేవాడు. గౌండ్లాయన తాగి చూపని కల్లు మా ఊళ్లో ఎవరూ ముట్టరు.

తోమా సార్‌కు చెప్పాను. భీమవరం మనిషి, అప్పుడే చర్చి నుంచి వచ్చాడు; ఇక్కడ సెలవు శుక్రవారమే కాబట్టి ప్రార్థనా ఆ రోజే. చెడ్డవాడు కాదు, పిరికివాడు. తెప్పించింది తనే కాబట్టి తన నెత్తి మీదికి వస్తుందని భయం.

"తాడిచెట్టు దిగొచ్చినోడివి, నీకేం తెలుసయ్యా వైను సంగతి? బాగా చల్లబెట్టి పోసెయ్. ఎవరికీ తెలీదు."

ఒళ్లు మండింది. తాడిచెట్టు మీద పుట్టిన ముక్కు గనకే తెలిసిందని ఈయనకు ఎవరు చెప్పాలి?

మొదటి టేబుల్ దగ్గర ఒక పెద్దావిడ కూర్చుంది. ముందు ఆవిడ గ్లాసులో రెండు చుక్కలు పోసి, ఆవిడ సరేనన్నాక అందరికీ పోయాలి. పనివాడు డ్యూటీలో మందు ముట్టాడంటే అంతే సంగతులు. ఆరేళ్ల చాకిరీ బూడిదలో పోసిన పన్నీరవుతుందని తెలుసు. తెలిసే, ఖాళీ గ్లాసులో పోసుకుని ఆవిడ ఎదుటే ఒక గుక్క తాగాను. మొహం దానంతట అదే ముడుచుకుపోయింది. నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో, పాడైంది తాగొద్దమ్మా అన్నాను. ఆవిడ నా చేతిలోని గ్లాసు అందుకుని వాసన చూసి పక్కకు జరిపింది.

తోమా సార్ పరుగున వచ్చాడు. డ్యూటీలో తాగుతావా, ఖలాస్, లోపలికి నడువు అన్నాడు.

"తాగలే సార్, రుచి చూసిన. చెడిపోయింది మంది గొంతుల వోస్తే మా నాయిన నన్ను ఇంట్లకు రానియ్యడు."

మళ్లీ గిన్నెల దగ్గరే నిలబెట్టారు. మిగిలిన సీసాలు కూడా నా చేతనే తూములో పోయించారు. అయినా ఒక్క మాట వెనక్కి తీసుకోలేదు.

పై శుక్రవారం తోమా సార్ కొత్త పెట్టె మోసుకుని నా దగ్గరికే వచ్చాడు. అతిథులు అప్పటికే కూర్చున్నారట. గొంతు తగ్గించి, ఒకసారి వాసన చూడు నర్సింగ్ అన్నాడు.

"గిన్నెలు తోమెటోనికి ఏం తెలుస్తది సార్? టేబుళ్ల కాడికి పంపుండ్రి, అప్పుడు చూస్త."

ఆయన పెట్టె పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నేను ఇంకో గిన్నె అందుకున్నాను.