గిలకకు వేలాడిన గూడు

గౌరీశ్వరి మొగుడితో మాట మానేసి పన్నెండు రోజులైంది. అలాగని ఇల్లు మూగపోయిందనుకునేరు. గాజువాకలోని ఆ రెండు గదుల రేకుల ఇంట్లో మునుపటికంటే ఎక్కువ మాటలే వినిపిస్తున్నాయి. కాకపోతే అన్నీ కోడిపెట్టతోనే.

"ఏటే ఎర్రదానా, కూడొడ్డించినాను. తినీమని సెప్పు."

తవిటయ్య పీట వాల్చుకుని కూర్చుని, గుమ్మంలో తిరుగుతున్న ఎర్రపెట్ట వైపు చూసేవాడు. "పులుసులో ఉప్పు సరిపోనేదని సెప్పు" అనేవాడు. పెట్ట ఎవరికీ ఏమీ చెప్పేది కాదు. అయినా కాసేపటికి ఉప్పుడబ్బా వచ్చి అతని కంచం పక్కన ఠంగుమని కూర్చునేది.

తవిటయ్య పోర్టులో ఖలాసీ. ఓడల్లో వచ్చిన పెద్ద పెద్ద యంత్రాలకు తాళ్లు బిగించి, క్రేన్ నడిపేవాడికి చేత్తో సైగ చేస్తూ నేలమీదికి దింపించడం అతని పని. పన్నెండేళ్ల సర్వీసులో ఒక్క బోల్టు కూడా జారనివ్వలేదని పేరు. అంతటి మొనగాడు కోళ్లగూటికి గొళ్లెం పెట్టడం మరిచిపోయాడు.

జరిగింది ఇంతే. పిన్ని కూతురి పెళ్లికని సబ్బవరం వెళ్తూ గౌరీశ్వరి ఒకే ఒక్క పని అప్పజెప్పింది. "బావా, పొద్దుగూకితే కోళ్లు వాటికవే గూట్లో దూరతాయి. నువ్వు గొళ్లెం పెట్టు సాలు" అని బస్సెక్కింది. ఆ సాయంత్రం పక్కింటి పైడయ్య అరుగు మీద పేకాట మంచి రసకందాయంలో పడింది. తెల్లారి లేచి చూసేసరికి గూటి ముందు ఆరు పెట్టలు మెడలు కొరికించుకుని పడున్నాయి. ముంగిస పని. గూటి మూల నక్కిన ఎర్రపెట్ట ఒక్కటే మిగిలింది. పుంజేమో గోడెక్కి బతికిపోయింది.

మామూలు కోళ్లయితే నాలుగు తిట్లతో పోయేది. కానీ అవి గౌరీశ్వరి తల్లి సన్యాసమ్మ ఇచ్చిన కోళ్లు. ఆవిడ తవిటయ్యకు స్వయానా మేనత్త. పోవడానికి ఏడాది ముందు, ఒళ్లో గంప పెట్టుకుని బస్సులో వచ్చి, ఒక పెట్టనూ ఒక పుంజునూ వాళ్ల గుమ్మంలో దించి వెళ్లింది. ఈ మందంతా ఆ జంట పిల్లలే. తల్లి పోయాక గౌరీశ్వరి తన దుఃఖమంతా ఈ కోళ్లకు ముద్దలు పెట్టడంలోనే దిగమింగుకుంది. అందుకే ఊరి నుంచి తిరిగొచ్చిన రోజు ఆమె అరవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. ఎర్రపెట్టను చంకలో పెట్టుకుని, "సూసినావే, మగోల్లు గోడెక్కి బతికీసినారు" అంది. ఆ తర్వాత "బావా" అన్న పిలుపు ఆ ఇంట్లో వినపడలేదు. ఊహ తెలిసినప్పటి నుంచి విన్న పిలుపది. అది లేకపోతే తవిటయ్యకు తిన్న తిండి వంటపట్టడం లేదు.

పదమూడో రోజు ఆదివారం. పెట్ట గుడ్డు పెట్టింది గానీ దానికి పెంకు లేదు. వేలితో నొక్కితే లోపలికి పోయే తోలుగుడ్డు. గౌరీశ్వరి దాన్ని తెచ్చి మొగుడి అరచేతిలో పెట్టింది. "నువ్వు కూడా పోతావేటే?" అని పెట్టను అడిగింది. ఆమె కళ్లలో నీళ్లు చూసి తవిటయ్య చొక్కా తొడుక్కోవడం కూడా మరిచిపోయి, గుడ్డును తువ్వాల్లో చుట్టుకుని పరిగెత్తాడు.

నాలుగిళ్ల అవతల ఉండే కృపాకర్ పశువుల ఆస్పత్రిలో కాంపౌండరు. చర్చి నుంచి అప్పుడే వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. గుడ్డును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏటి మేపుతన్నారు?"

"అన్నవే. మా యావిడ తను తినకముందు దానికి పెడతాది."

"పేమ మంచిదే తవిటయ్యా. పేమలో సున్నం ఉండదు కదా. పెంకెక్కడి నుంచి వస్తాది? ఆల్చిప్పలు దంచి వేరే సిప్పలో పెట్టు, కావాల్సినంత అదే తింటాది. చోళ్లు, గంట్లు లాంటి గింజలు, ఎండుసేపల పొడి, ఆకుకూర పెట్టు. నీళ్లు రోజూ మార్చు."

అంతటితో ఆగక వచ్చి గూడు కూడా చూశాడు. కోళ్లు పోయిన మర్నాడే తవిటయ్య దానికి కొత్త ఇనప వల బిగించి ఉన్నాడు. కృపాకర్ ఆ వల కంతలో బొటనవేలు దూర్చి చూపించాడు. "ఇది కోడిని బయటికి పోనివ్వదు, నిజవే. లోపలికొచ్చేదాన్ని ఆపదు. నా వేలు దూరింది, దాని మూతి దూరదా?"

మర్నాటి నుంచి తవిటయ్య పేకాట మానేశాడు. డ్యూటీ దిగి ఒకరోజు రేవుకి వెళ్లి ఎండుచేపల తలకాయలు, మరోరోజు ఇసుకలో ఏరిన ఆల్చిప్పలు తెచ్చాడు. చిప్పలు కడిగి, ఎండబెట్టి, బండరాయితో నానా అవస్థా పడి దంచుతుంటే వీధిలోవాళ్లు నవ్వారు. మూడోరోజుకి గుమ్మం పక్కన గౌరీశ్వరి రోకలి ఆనించి ఉంది. ఎవరు పెట్టారో అడక్కుండా తీసుకుని దంచాడు.

తర్వాత పూర్ణా మార్కెట్‌కి వెళ్లి చిటికెనవేలు కూడా దూరని సన్నకంతల వల, రెండు గడియలు, ఒక బావి గిలక, మంచి తాడు కొనుక్కొచ్చాడు. పెరట్లో రెండు సరుగుడు రాటలు పాతి, పైన అడ్డకర్ర బిగించి, గిలక కట్టాడు. పొద్దుగూకగానే రెండు గడియలూ వేసి, లాగి చూసి, గూటిని మనిషెత్తుకు పైకి లాగి కట్టేసేవాడు. తెల్లారి దించేవాడు. పోర్టులో నేర్చిన విద్య ఇంట్లో పనికిరావడం అదే మొదలు.

నెల తిరిగేసరికి గుడ్లకు గట్టి పెంకు వచ్చింది. పదకొండు గుడ్లయ్యాక ఎర్రపెట్ట పొదుగుకు కూర్చుంది. ఆ సాయంత్రం తవిటయ్య తాడు పట్టుకోగానే గౌరీశ్వరి గూటికి అడ్డం వచ్చింది.

"ఎర్రదానా, గుడ్లు కుదిపితే పాడైపోతాయి. ఈ ఊపుడు యవ్వారం వద్దని సెప్పు."

తవిటయ్య లోపలికి వెళ్లి, స్టీలు గ్లాసు అంచుదాకా నీళ్లు నింపి తెచ్చి, గూట్లో పెట్ట పక్కన పెట్టాడు. గూటిని మెల్లగా పైకి లాగాడు. మెల్లగా దించాడు. గౌరీశ్వరి గ్లాసు తీసి, కింద చెక్క తడిసిందేమోనని వేలు పెట్టి చూసింది. చెక్క పొడిగా ఉంది. ఆమె పక్కకు తప్పుకుంది.

ఇరవై రోజులు అలాగే జరిగింది. పొద్దున గూడు దిగగానే పెట్ట బయటికొచ్చి, గింజలు తిని, నీళ్లు తాగి, దుమ్ములో పొర్లి మళ్లీ గుడ్ల మీదికి పోయేది. తవిటయ్య అంతసేపూ గూటి దగ్గరే కాపలా కూర్చునేవాడు. ఈ పొదుగు గానీ చెడితే ఆ ఇంట్లో ఇక తనను బావా అని పిలిచేవాళ్లు ఉండరని అతనికి గట్టి భయం.

ఇరవై ఒకటో రోజు పొద్దున అతను తాడు ముడి విప్పాడు. గౌరీశ్వరి నూకల చేటతో గూటి కింద నిలబడి ఉంది. గూడు సగం దిగిందో లేదో పైనుంచి కిచకిచమని వినిపించింది. టన్నుల బరువులప్పుడు జారని తాడు అప్పుడు అతని చేతిలో జానెడు జారింది. గూడు మొదటిసారి ఊగింది.

"బావా, సిన్నగా దించు. పిల్లలున్నాయి."

తవిటయ్య తాడు బిగించి అక్కడే ఆపేశాడు. "ఏటీ?" అన్నాడు, వినపడనట్టు.

గౌరీశ్వరి గూటి వైపు తలెత్తింది. "ఎర్రదానా, మీ అయ్యకి సెవుడొచ్చినట్టుందే" అంది. తర్వాత అతని వైపు తిరిగి, గొంతు తగ్గించి, "దించు బావా" అంది.

తవిటయ్య దించాడు. పిల్లలు ఎన్నో చూద్దామంటే అతనికి కళ్లు మసకలు కమ్మాయి. గౌరీశ్వరే గడియలు తీసి, పెట్ట రెక్కల కింద చెయ్యి పెట్టి లెక్కపెట్టింది. తొమ్మిదని చెప్పింది. ఈసారి పెట్టతో కాదు, అతనితోనే.