డబ్బా టీవీలో కరువు

ఆ టీవీని మేడ ఎక్కించిన రోజు మెట్లు రెండంగుళాలు కిందికి దిగాయని ఆ ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. మోసిన నలుగురిలో ఇద్దరు ఆ తర్వాత జన్మలో సూది కంటే బరువైనది ఎత్తలేదట. ముందు నుంచి చూస్తే అది ఇరవైతొమ్మిది అంగుళాల టీవీ. వెనక నుంచి చూస్తే అద్దెకివ్వగలిగిన గది.

అది ఆపరేటర్‌ది. ఆయనకి అసలు పేరు ఒకటి ఉండే ఉంటుంది. కానీ సినిమా హాల్లో ముప్పైరెండేళ్ళు బొమ్మ వేసేసరికి ఆ పేరు వాడక తుప్పు పట్టింది. వీధివీధంతా ఆపరేటర్ అనే అంటుంది, పోస్ట్‌మ్యాన్‌తో సహా.

టీవీకి ఏ జబ్బూ లేదు. జబ్బంతా కేబుల్ వాళ్ళకి పుట్టింది. పాత బాక్సులన్నీ బంద్, ఇకనుంచి అందరికీ హెచ్‌డీ అని ఇంటింటికీ కొత్త బాక్సు పంచి వెళ్ళారు. సబ్బుబిళ్ళంత బాక్సు. దాని వెనక బొమ్మ బయటికొచ్చే కన్నం ఒకే ఒకటి, పల్చగా, పెదవి విరిచినట్టు. టీవీ వెనక చూస్తే గుండ్రటి కన్నాలు మూడు, పసుపు, తెలుపు, ఎరుపు. ఒకరి భాష ఒకరికి రాని వియ్యంకుల్లా ఆ రెండూ నాలుగు రోజులు ఎదురెదురుగా కూర్చున్నాయి.

కోడలు గడువు పెట్టేసింది.

"మామయ్యా, ఆదివారం మధ్యాహ్నం దాకా చూస్తాను. బొమ్మ సరిగ్గా వస్తే ఉంటుంది. రాకపోతే పాతసామాన్ల అతను వచ్చి పట్టుకెళ్తాడు. చెప్పేశాను కూడా. నా కుట్టుమిషన్‌కి ఈ గదిలో చోటు కావాలి. వంటగదిలో కుట్టి కుట్టి జాకెట్లన్నీ తాలింపు వాసనొస్తున్నాయని గొడవ."

కోడలి మాటలో న్యాయం ఉంది. అదే ఆపరేటర్‌ని మరీ చికాకు పెట్టింది.

అసలు భయం వేరే ఉంది. నాలుగేళ్ళ కిందట హాల్లోకి కంప్యూటర్ మిషన్ వచ్చినప్పుడు, ఆయన రోజూ నూనె వేసి తుడిచిన ప్రొజెక్టర్‌ని ముక్కలు చేసి తోపుడుబండి మీద వేసుకుపోయింది ఈ పాతసామాన్ల అతనే. ఆపరేటర్ గేటు దగ్గర నిలబడి చివరి చక్రం దాకా చూశాడు. ఆ పూట అన్నం తినలేదు. అడిగితే పన్నునొప్పి అన్నాడు. ఈసారి ఆ సాకు చెప్పడానికి నోట్లో పళ్ళు కూడా పెద్దగా మిగల్లేదు.

ఆదివారం పొద్దున్నే అల్లుడు దిగాడు, సంచీడు వైర్లతో.

అల్లుడు పెద్ద కంపెనీలో పెద్ద ఉద్యోగం చేస్తాడు. ఏం ఉద్యోగమో పెళ్ళాం బిడ్డలకి కూడా తెలీదు. ఆయనకి తెలియని విషయం మాత్రం సృష్టిలో లేదు. వాళ్ళింట్లో గోడ నిండా టీవీ ఉంది, మంచాన్ని నిలబెట్టినంత. రెండేళ్ళ కిందట ఆపరేటర్ మొదటిసారి చూసినప్పుడు అందులో ఏదో పాత సినిమా వస్తోంది. హీరోయిన్ బీరువాలా ఉంది. హీరో ఎక్కిన గుర్రం గేదెలా ఉంది. చందమామ కోడిగుడ్డు అడ్డంగా పడుకున్నట్టుంది.

"ఎలా ఉంది మామయ్యా? హెచ్‌డీ!" అన్నాడు అల్లుడు.

"వెడల్పుగా ఉంది" అన్నాడు ఆపరేటర్.

అల్లుడు దాన్ని మెచ్చుకోలు కింద రాసుకున్నాడు.

ఇప్పుడా అల్లుడే డబ్బా టీవీ వెనక నడుం దాకా దూరిపోయాడు. బయట కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. మాటలు గుహలోంచి వస్తున్నట్టున్నాయి.

"చెల్లెమ్మా, టార్చి కాస్త ఇటు! ఈ వైరు దూరే కన్నం ఇక్కడెక్కడో ఉండాలి. ప్రతి టీవీకీ ఉంటుంది."

"పొద్దున్నించీ వెతుకుతున్నారుగా అన్నయ్యా, లేదేమో" అంది కోడలు.

"ఉంటుందమ్మా. కనపడాలంతే."

నలభై నిమిషాల తర్వాత కన్నం లేదని ఒప్పుకోకుండానే బయటికొచ్చి సంచిలోంచి అగ్గిపెట్టెంత నల్లడబ్బా తీశాడు. "ఇలాంటిదేదో అవుతుందని తెలిసే తెచ్చాను. దీన్ని కన్వర్టర్ అంటారు మామయ్యా. హెచ్‌డీని మీ టీవీకి అర్థమయ్యే భాషలోకి దింపుతుంది. లోపల చాలా సైన్సు ఉంది, మీకు చెప్పినా..."

"వద్దులెండి" అన్నాడు ఆపరేటర్.

తగిలించాడు. టీవీ ఆన్ చేశాడు. తెర నల్లగా ఉంది.

"పోయింది మామయ్యా, మీ టీవీ పోయింది."

"ఆ డబ్బాకి కరెంటెవరిస్తారు అల్లుడుగారూ?"

"దానికదే లాక్కుంటుంది."

ఆపరేటర్ కాలి బొటనవేలితో నేల మీది ప్లాస్టిక్ కవరు ముందుకి తోశాడు. అందులో చిన్న వైరు చుట్టచుట్టుకుని పడుకుంది. "మరి ఈ తోక ఎవరిది?"

తోక ప్లగ్గులో పెట్టారు. డబ్బా మీద ఎర్రలైటు వెలిగింది. తెర ఇంకా నల్లగానే ఉంది. టీవీ వెనక పసుపు, తెలుపు, ఎరుపు కన్నాలు రెండు వరసలున్నాయి, ఒకటి బొమ్మ లోపలికి పోవడానికి, ఇంకోటి బయటికి రావడానికి. అల్లుడు రెండోదాన్లో పెట్టి లోపలికి పొమ్మంటున్నాడు. వరస మార్చాక బొమ్మ వచ్చింది. నలుపూ తెలుపూ.

"పాత టీవీ కదా, రంగులు అయిపోయుంటాయి" అన్నాడు అల్లుడు, అదేదో నూనె డబ్బా అయినట్టు.

కోడలు కన్వర్టర్‌ని చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. సూదిలో దారం ఎక్కించే కళ్ళు కదా. పక్కన బియ్యపుగింజంత మీట కనపడింది. గోటితో ఇటునుంచి అటు జరిపింది. రంగులొచ్చాయి.

"అదే చెప్పబోతున్నా" అన్నాడు అల్లుడు.

రంగులైతే వచ్చాయి గానీ, వాటితో కరువు కూడా వచ్చింది. వార్తలు చదివే ఆమె ఆర్నెల్లుగా అన్నం మొహం చూడనట్టు చీపురుపుల్లలా ఉంది. పక్కన కూర్చున్న మంత్రిగారు అంతకంటే సన్నం, ఆ ఉద్యోగంలో ఎన్నడూ వినని వింత. ఛానల్ మార్చితే బంతాట. బంతి నిలబెట్టిన కోడిగుడ్డు. ఇంకో ఛానల్లో ఏనుగు. జిరాఫీకి తమ్ముడిలా ఉంది.

అల్లుడు కాసేపు గడ్డం గోక్కుని తీర్పు చెప్పాడు. "పిక్చర్ ట్యూబ్ ముడుచుకుపోయింది మామయ్యా. వయసు మీద పడితే మనుషులు ముడుచుకుపోరూ? అలాగే. ఇక చేసేదేం లేదు."

ఆడలేనివాడికి మద్దెల ఎప్పుడూ ఓడే. సరిగ్గా అప్పుడే పాతసామాన్ల అతను భుజాన తాడేసుకుని మెట్లెక్కి వచ్చాడు.

"ఇదేనామ్మా?" అని టీవీ చుట్టూ ఒకసారి తిరిగాడు. తిరగడానికి కాస్త సమయం పట్టింది. తర్వాత ఆపరేటర్ వంక చూసి, "మిమ్మల్నెక్కడో చూశాను సార్. సినిమా హాలా? అబ్బో, ఆ మిషన్ భలే బరువు సార్. మూడు ట్రిప్పులు" అన్నాడు.

ఆపరేటర్ అతని వైపు చూడలేదు. తెర మీద బక్కచిక్కిన వార్తలామెని చూస్తున్నాడు. చూసి చూసి ఫక్కున నవ్వాడు. నాలుగేళ్ళలో ఆయన నవ్వడం కోడలు వినలేదు. మతి చలించిందేమోనని మంచినీళ్ళ గ్లాసు పట్టుకుంది.

"స్కోపు లెన్సు పెట్టలేదమ్మాయ్" అన్నాడు.

"ఏంటి మామయ్యా?"

"వెడల్పు సినిమాల్ని రీలు మీద ఇలాగే నొక్కి పెడతారు. మనుషులంతా పుల్లల్లా ఉంటారు. మిషన్ ముందు ఇంకో లెన్సు పెడితే మళ్ళీ సాగి సరిగ్గా అవుతారు. ఒకసారి మ్యాట్నీకి పెట్టడం మర్చిపోయా. పది నిమిషాలు హాలంతా కరువే. జనం సీట్లు పీకేశారు. ఇదీ అంతే. ఈ బాక్సు వెడల్పు బొమ్మ పంపిస్తోంది, మన తెర చదరం. మన తెర చదరమని బాక్సుకి ఎవరూ చెప్పలేదు."

"మెనూలో అలాంటివేం ఉండవు మామయ్యా. నేను చూశాగా" అన్నాడు అల్లుడు.

అతను చూసింది నిజమే. మెనూ తెరిచాడు, అక్షరాలు బెల్లం మీది చీమల్లా ఒకదాన్నొకటి తొక్కుకుంటూ కనిపించాయి, మూసేశాడు. దాన్నే చూడటం అంటారు వాళ్ళ కంపెనీలో.

ఆపరేటర్ రిమోట్ తీసుకున్నాడు. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, తెరకి జానెడు దూరంలో నిలబడ్డాడు. తెగిన రీలు అతికించడానికి ముందు, ఏ ముక్క తర్వాత ఏ ముక్కో తెలియాలంటే, ఫిల్ముని దీపానికి ఎత్తిపట్టి గోరంత బొమ్మలో నొక్కిపెట్టిన అక్షరాలు చదవాలి. ముప్పైరెండేళ్ళు చదివాడు. నిటారుగా ఉన్న అక్షరాలకి కళ్ళజోడు కావాలి గానీ, నలిగినవాటికి అక్కర్లేదు.

"సెట్టింగులు" అని పైకి చదివాడు. "డిస్‌ప్లే. తెర ఆకారం, పదహారు బై తొమ్మిది. కింద నాలుగు బై మూడు."

కిందికి నొక్కాడు. కదల్లేదు. ఆ వరస బూడిదరంగులో ఉంది.

"చూశారా? నే చెప్పలా?" అన్నాడు అల్లుడు, ప్రాణం లేచొచ్చినట్టు. పాతసామాన్ల అతను తాడు విప్పి టీవీకి ఒక చుట్టు చుట్టాడు.

ఆపరేటర్ మళ్ళీ పైవరస చదివాడు. బొమ్మ నాణ్యత, వెయ్యిన్నెనభై. "ఇంత అక్కర్లేదు మనకి. ఇది దిగితేగానీ చదరం వరస తెరుచుకోదేమో" అని దాన్ని ఐదొందల డెబ్బైయారుకి దింపి నొక్కాడు.

తెర మొత్తం ఆరిపోయింది.

తాడు రెండో చుట్టు పడింది.

"పోనీ లెండి మామయ్యా..." అని కోడలు అనబోయింది.

నల్లతెర మీద ఒక పెట్టె లేచింది. అందులో నలిగిన అక్షరాలు, పక్కన వెనక్కి పరిగెత్తే అంకెలు. తొమ్మిది, ఎనిమిది, ఏడు.

"ఏదో ఎర్రర్! ఆపేయండి!" అని అరిచాడు అల్లుడు.

"ఇది బాగుందా, ఉంచమంటారా అని అడుగుతోందయ్యా" అన్నాడు ఆపరేటర్. కంగారులో 'గారూ' రాలిపోయింది. మూడు దగ్గర సరే నొక్కాడు.

నాలుగు బై మూడు వరస తెల్లగా వెలిగింది. దాన్ని నొక్కాడు. వార్తలామె ఆర్నెల్ల తిండి ఒక్క గుక్కలో తిన్నట్టు నిండుగా అయ్యింది. మంత్రిగారికి బొజ్జ తిరిగొచ్చింది. పైనా కిందా రెండు నల్లపట్టీలు, మధ్యలో బొమ్మ, పక్కాగా.

పాతసామాన్ల అతను గొంతుక్కూర్చుని కాసేపు చూశాడు. "బానే ఉంది కదమ్మా! దీనికి నన్నెందుకు పిలిచారు?"

"ఆ తాడు విప్పు" అన్నాడు ఆపరేటర్. "దీని బరువు నీకు రాసిపెట్టి లేదు."

అతను వైర్లొచ్చిన అట్టపెట్టెలు, కవర్లు ఏరుకుని దిగిపోయాడు. అల్లుడు మాత్రం ఓడిపోలేదు. ఓడిపోవడం ఆయనకి రాదు. "పైనా కిందా చూడండి మామయ్యా, ఎంత తెర వేస్టో. మా టీవీలో ఈ అంచు నుంచి ఆ అంచుకి నిండుగా ఉంటుంది."

కోడలు వంటగది గుమ్మంలోంచి కుట్టుమిషన్ వైపు ఒకసారి చూసింది. ఆపరేటర్ ఆ చూపు చూశాడు. తన పడకకుర్చీ మడిచి మంచం కిందికి తోశాడు.

"మిషన్ అక్కడ వేసుకో అమ్మాయ్. వెలుతురు కూడా బాగుంటుంది."

"మరి మీరెక్కడ కూర్చుంటారు మామయ్యా?"

"నేనెప్పుడు కూర్చుని చూశాను? ప్రొజెక్టర్ క్యాబిన్‌లో కుర్చీ ఉండేదా?" అని టీవీ మీద చెయ్యేసి నిలబడ్డాడు.

అల్లుడు బాల్కనీలోకి వెళ్ళి ఇంటికి ఫోన్ చేశాడు. "ఆఁ, సెట్ చేసేశా. లెన్సు ప్రాబ్లం. మీ నాన్నగారికి ఇవన్నీ ఎలా తెలుస్తాయి పాపం. నలిగిపోతోంది బొమ్మ, సాగదీశా." లోపలికొచ్చి చెప్పులేసుకుంటూ ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు.

"మామయ్యా, ఈసారి వచ్చినప్పుడు మా టీవీ కూడా ఒకసారి చూస్తారా? ఏం లేదు, ఊరికే. అందులో పాత సినిమాలు కాస్త... ఏమో. మీ అమ్మాయి అందరూ లావైపోయారంటుంది."

ఆపరేటర్‌కి బీరువా హీరోయిన్, గేదె గుర్రం, అడ్డంగా పడుకున్న చందమామ వరసగా కళ్ళముందు కదిలాయి. బాగుచేయడానికి రిమోట్‌లో ఒక్క నొక్కు చాలు. తీరిగ్గా కళ్ళజోడు తుడిచి పెట్టుకున్నాడు.

"మీదానికేం అల్లుడుగారూ" అన్నాడు. "హెచ్‌డీ."