ఖాళీ ఊళ్లకు అబ్బా నంబరు

సకల జనుల సమ్మె మొదలై రెండు వారాలు. బస్సులు డిపో దాటడం లేదు, మా కాలేజీకి తాళం. ఊరికే కూర్చుంటే నాకు పిచ్చెక్కుతుంది. అందుకే జనగామలో ఇంట్లో కూర్చునే ఒక మొబైల్ యాప్ రాశాను. ఊరి పేరు నొక్కితే, ఆ ఊరి ఆటోవాలాకు ఫోన్ పోతుంది.

లోపల దాన్ని డిక్షనరీ అంటారు. ఒకవైపు ఊరు, దానికెదురుగా నంబరు. ముప్పై ఊళ్లలో తొమ్మిదింటికి నంబరు లేదు. అలాంటి ఖాళీని నల్ అంటారు. ఆ ఊళ్లలో దేన్ని నొక్కినా యాప్ ఠక్కున మూసుకుపోయేది. నర్మెట్టలో ఉండే నా క్లాస్‌మేట్ రుచిత ముందు రెండుసార్లు పరువు పోయింది. ఒళ్లు మండి, ఆ తొమ్మిదింటికీ మా నాన్న, అదే మా అబ్బా నంబరు పెట్టేశాను. మాకు ఫోన్ లేని రోజుల్లో అందరికీ పక్కింటి కమలాదేవమ్మ నంబరే ఇచ్చేవాళ్లం. ఆమె గోడ మీంచి కేకేసేది. నంబరు లేకపోతే పక్కింటిది ఇవ్వడం మాకు అలవాటే. యాప్ మళ్లీ మూసుకుపోలేదు, నేను కాలరెగరేశాను. అబ్బాకు చెప్పడం మాత్రం మరిచాను.

మూడోరోజు పొద్దున అబ్బా ఫోన్ మోగింది.

"అఫ్రీన్! నర్మెట్ట నుంచి ఎవరో అవ్వ ఆటో తెమ్మంటుంది. నేను బట్టలు కుట్టేటోన్ని గదా బేటా!"

ఫోన్ లాక్కుని నా పేరు చెప్పాను. రుచిత వాళ్ల నాయనమ్మ, రాజమణవ్వ.

"కుక్క గరిసింది బిడ్డా. ఇయ్యాల మూడో సూది. ఒంటిగంటకు దవాఖానల సూదులు బంజేస్తరు. నీ యాప్‌ల ఆటో ఉందని రుచిత జెప్పింది. పొద్దుగాలనుంచి తయారై కూసున్న."

యాప్ మూసుకుపోయి ఉంటే వాళ్లు వేరే దారి చూసుకునేవాళ్లు. లేని ఆటోను ఉన్నట్టు చూపించి ముసలామెను కూర్చోబెట్టాను.

"రాంగ్ నంబర్ అని జెప్పు అబ్బా" అని గొణిగాను.

"తయారై కూసున్న అవ్వకు రాంగ్ నంబర్ అంటవా?" అని అబ్బా కుడుతున్న జెండాను మిషన్ మీదే వదిలేసి, మా వీధి హఫీజన్న ఆటో ఎక్కాడు.

దారిలో రోడ్డుకడ్డంగా పొయ్యిలు పెట్టి సమ్మెవాళ్ల వంటావార్పు. సూది మాట చెప్పగానే జనం పొయ్యిలు జరిపి మరీ దారిచ్చారట, పులిహోర పొట్లాలు కూడా చేతిలో పెట్టారట. ఒంటిగంటకు పది నిమిషాలుండగా అవ్వకు సూది పడింది. అది తెలిసేదాకా నేను పచ్చినీళ్లు ముట్టలేదు.

సాయంత్రం కోడ్ మార్చాను. నంబరు లేని ఊరిని నొక్కితే యాప్ మూసుకుపోదు, అబద్ధమూ చెప్పదు. 'ఈ ఊరికి ఆటో దొరకలేదు' అని చూపిస్తుంది. గొప్పగా అబ్బా ముందు పెట్టాను. ఆయన కూడబలుక్కుని చదివాడు.

"దొరకలేదా, నువ్వు అడగలేదా?"

"ఫోన్ల అడిగిన..."

"గా తొమ్మిదూర్లకు పోయినవా?"

మర్నాడు పొద్దున్నే నోటుబుక్కు పట్టుకుని హఫీజన్న ఆటో ఎక్కాను.