మూత ఊడింది

ఆ పరిశోధనశాలలో గాజు సామాను కడిగే మామయ్యకి రెండే పనులు బాగా వచ్చు: సీసాలు తళతళలాడించడం, జనాన్ని ఆటపట్టించడం. అతను వెనక నుంచి వస్తున్నాడంటే అందరూ ముందు వీపు తడుముకుంటారు, ఏం అంటించాడోనని. చదువు ఏడో తరగతి గుమ్మం దాటలేదు. అయినా కణాల సంగతి గడగడా చెప్పేస్తాడు, అక్కడే పరిశోధన చేసే మేనకోడలి పుణ్యమా అని.

ఒకరోజు ఆమె, అతను కడిగి ఆరబెట్టిన రబ్బరు రింగులు నాలుగు తీసి ఒకదాని మీద ఒకటి పేర్చింది.

"కణంలో ఇలాంటి పీపా ఉంటుంది మామయ్యా. కత్తులన్నీ మధ్య రెండు రింగుల్లో. పైదీ కిందదీ తలుపులేసుకుని కూర్చుంటాయి. మూత వచ్చి బిగిస్తే తలుపు తెరుచుకుంటుంది. పనైపోయిన ప్రోటీన్‌కి చీటీలు అంటిస్తారు. మామూలుగా ఒక్కటి చాలదు, నాలుగైనా గొలుసుగా పడాలి. అప్పుడు లోపలికి లాగి ముక్కలు చేస్తుంది."

"పొరపాటున అంటిస్తే?"

"నోటి దగ్గరే చీటీలు పీకేవాళ్లుంటారు. తొందరగా పీకేస్తే సరుకు బతికిపోతుంది."

"నాకా ఉద్యోగం ఇప్పించవే కోడలు పిల్లా!"

అతని ఉద్యోగం సరిగ్గా దానికి ఎదురు. ఎర్ర చీటీలు పడ్డ డబ్బాల్ని ఆవిరిపెట్టెలో ఉడకబెట్టి తుక్కు చేయాలి. నాలుగు బల్లల వాళ్లూ తలా ఒక చీటీ అంటిస్తేనే చేయాలి. ఒకరి సరుకు ఇంకొకరు పారేయకుండా పరిశోధనశాల నడిపే పెద్దసారే పెట్టిన నియమం అది.

ఆ పెద్దసారే ఇవాళ మధ్యాహ్నం మేనకోడలి మంచుడబ్బా మోసుకొచ్చి మామయ్య ముందు పెట్టాడు. దాని మీద నాలుగు ఎర్ర చీటీలు.

"రెండింటిలోపు ఉడికిపోవాలి."

మామయ్యకి సంగతి తెలిసిపోయింది. ఆకలితో మాడే కణంలో పీపా మూత ఊడిపోతుందని ఆ డబ్బాలోని నమూనాలు చెబుతున్నాయి. ఏం చేసినా ఊడదని పెద్దసారు పుస్తకం చెబుతోంది. రెండు గంటలకి బయటి నుంచి పరీక్షకురాలు వస్తోంది, నమూనాల్ని కళ్లారా చూడటానికి. ఉడికాక చూసేందుకు గంజి తప్ప ఏం మిగలదు. ఆర్నెల్ల కష్టం.

"సార్, నాలుగు చీటీల మీదా ఒకే చేతిరాత ఉందేంటి?" అన్నాడు అమాయకంగా.

"చెప్పింది చెయ్."

మామయ్య తడి చేతులు పంచెకి తుడుచుకుని ఒక చీటీ పీకాడు. రెండోది పీకాడు. మూడోదానికి గోరు పెడుతుంటే మేనకోడలు పరుగున వచ్చింది. డబ్బా చూడగానే విషయం అర్థమైంది.

"ఇదేం పని సార్?"

"తప్పుడు నమూనాలు చూపించి నా పరువు తీస్తావా?"

"తప్పయితే ఆవిడ ముందే తప్పని తేలనివ్వండి. నలుగురిలో తల దించుకుంటాను. ఆవిరిపెట్టెలో మాత్రం ఓడిపోను."

మూడోది మామయ్య లాగేశాడు, నాలుగో చీటీ ఆమే పీకి అతని చేతిలో పెట్టింది. డబ్బా ఎత్తి గుండెకి హత్తుకుంది.

పెద్దసారు మామయ్య మీద విరుచుకుపడ్డాడు. "ఇద్దరూ ఒక్కటయ్యారా! ఏయ్, నీ ఉద్యోగం ఊడుతుంది!"

మామయ్య మొహం వెలిగిపోయింది.

"విన్నావటే పిల్లా? ఊడుతుందట! పదేళ్లుగా ఊడదు ఊడదు అన్న మనిషి, ఇవాళ స్వయంగా ఊడుతుందని ఒప్పుకున్నారు!"

మేనకోడలికి నవ్వు ఆగలేదు. నవ్వుతూనే సూక్ష్మదర్శిని గదిలోకి నడిచి, డబ్బా బల్ల మీద పెట్టి, తలుపు బార్లా తెరిచి ఉంచింది. వరండా చివర పరీక్షకురాలి చెప్పుల చప్పుడు వినిపిస్తోంది.

"దయచేయండి సార్, మీరూ చూద్దురుగాని," అంటూ మామయ్య పెద్దసారు వీపు మీద చేయి వేసి మర్యాదగా దారి చూపించాడు.

పెద్దసారు విసవిసా నడిచాడు. వీపు మీద ఎర్ర చీటీ, ఒక్కటంటే ఒక్కటే.

ఒక్కదానికే మనిషిని తుక్కు చేయలేంగా. మిగతా మూడూ మామయ్య జేబులో పదిలంగా ఉన్నాయి.