క్లచ్ మీద కాలు

ఫ్లైఓవర్ సగం ఎక్కాక కుండీలాయన పికప్ బండి మొరాయించింది. ఇంజను గొంతు చించుకుంటోంది గానీ చక్రాలకు ఆ గోడు పట్టడం లేదు. వెనక పాతిక సిమెంటు కుండీలు, రెండు బస్తాల ఎరువు. గేరు తగ్గించి చూశాడు, యాక్సిలేటర్ అదిమి చూశాడు. కాలిన వాసన ముక్కుకు తగిలింది. వెనకవాళ్ళు హారన్లతో చెవులు తినేస్తుంటే బండిని ఎలాగో గోడ వారకు చేర్చి దిగాడు.

ఆ వాసన ఆయనకు కొత్త కాదు. తొమ్మిదేళ్ళ కిందట ఇదే బండిలోంచి ఇదే వాసన వచ్చింది. అప్పుడు స్టీరింగ్ ముందు కూర్చున్నది ఆయన భార్య.

మొగుడూ పెళ్ళాలిద్దరూ మొక్కల నర్సరీ నడుపుతారు. అసలు పేర్లతో వాళ్ళను పిలిచేవాళ్ళు లేరు. సిమెంటు కుండీలు పోతపోసేది ఆయన గనక ఆయన కుండీలాయన, మొక్కలు పెంచేది ఆవిడ గనక ఆవిడ మొక్కలమ్మ. బండి కొన్న ఏడాదే, ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో, మొక్కలమ్మ డ్రైవింగ్ నేర్చుకుంది. ఆఫీసులకూ క్లినిక్కులకూ మొక్కలు అద్దెకివ్వాలన్న ఆలోచన ఆవిడదే. వారానికోసారి వెళ్ళి, వాడిపోయినవి తెచ్చేసి తాజావి పెట్టి రావాలి. అడిగి అడిగి పద్నాలుగు చోట్లు కుదుర్చుకుంది. గురువారం పొద్దున్నే కుండీలు ఎక్కించుకుని బయల్దేరితే మళ్ళీ మధ్యాహ్నం దాటాకే రావడం. వస్తూ వస్తూ గేటు దగ్గర రెండుసార్లు హారన్ కొట్టేది. అలా తిరిగిన మూడేళ్ళూ ఆవిడ నడకలోనే ఏదో హుషారు ఉండేది.

ఒక గురువారం ఆస్పత్రి ఎదుటి ఎత్తులో క్లచ్ పోయింది. బండిని మెకానిక్ షెడ్డుకు లాక్కెళ్ళారు. అక్కడ నలుగురూ మూగి ఉండగా కుండీలాయన ఒక మాట అన్నాడు. "మా ఆవిడ ఎడమకాలికి పీట వేయించడం మర్చిపోయాను. అందుకని క్లచ్ పెడల్‌నే పీట చేసుకుంది."

అందరూ నవ్వారు. మొక్కలమ్మ కూడా నవ్వింది. మర్నాటి నుంచి బండి ఎక్కలేదు. ఆ మాట మాత్రం ఆయన నోట్లో అలాగే ఉండిపోయింది. చుట్టాలొచ్చినా, పనివాళ్ళు టీ తాగుతున్నా, బండి ప్రస్తావన రావడమే ఆలస్యం, పీట కథ బయటికొచ్చేది. గురువారాలు తిరిగే తీరిక ఆయనకు లేదు. పద్నాలుగు చోట్లూ ఒకటొకటిగా జారిపోయాయి.

ఇప్పుడు బండి తన చేతిలోనే ఆగిపోయింది. పాత షెడ్డు ఎప్పుడో మూతపడింది, కొత్తదానికి లాగించాడు. కొత్త షెడ్డు మెకానిక్ మాట తక్కువ మనిషి. బండిని దిమ్మల మీదికెత్తి, బ్యాటరీ తీగ విప్పి, షాఫ్ట్ ఊడదీసి, గేర్‌బాక్స్‌ను జాకీ మీద వెనక్కి లాగేసరికి మధ్యాహ్నమైంది. కుండీలాయన స్టూలు మీద కూర్చుని ఊరుకోలేక, ఎడమకాలి పీట కథ మొదలుపెట్టాడు. మెకానిక్ నవ్వలేదు. క్లచ్ ప్లేటు ఊడదీసి వెలుతురులోకి తెచ్చి వేలితో రుద్దాడు. వేలు నల్లగా, జిడ్డుగా అయింది.

"కాలు ఆనించి నడిపితే ప్లేటు పొడిగా అరిగిపోతుందన్నా. రివెట్లు బయటపడతాయి. ఇది చూడు, మందం మందంలాగే ఉంది. నూనె తాగి జారింది."

ఇంజను వెనక ఉండే ఆయిల్ సీలు కారుతోందట. టార్చి వేసి చూపించాడు. లోపల గోడ నిండా నూనె, దుమ్ము కలిసి పేరుకున్న మడ్డి. స్క్రూడ్రైవర్‌తో గీకితే పైది మెత్తగా వచ్చింది, అడుగుది రాయిలా గట్టిపడి పెళ్ళలుగా ఊడింది. సీలు బండితో పాటు ఫ్యాక్టరీ నుంచి వచ్చిందే, ఒక్కసారి కూడా మార్చలేదు, పోయినసారి క్లచ్ పోవడానికీ ఇదే కారణమై ఉంటుందని మెకానిక్ అన్నాడు. మరి రెండో ప్లేటు ఇన్నేళ్ళు ఎలా ఆగిందని కుండీలాయన అడిగాడు.

"బండి పెద్దగా తిరగలేదు కదన్నా. మీటరు చూస్తే తెలియడం లేదూ?"

ఆడలేక మద్దెల ఓడు అంటారు. ఇక్కడ ఓడు నిజంగా మద్దెలదే. చెడ్డపేరు వచ్చింది మాత్రం ఆడినదానికి.

కుండీలాయన స్టూలు మీంచి లేచి రోడ్డు మీదికొచ్చి నిలబడ్డాడు. మెకానిక్ చెప్పింది ఆయనకు కొత్త సంగతైతే ఇంత బాధ ఉండకపోను. పాత షెడ్డు మేస్త్రీ ఆ రోజే, ఆవిడ ఇంటికెళ్ళాక, ప్లేటు ఊడదీసి చెప్పాడు. ప్లేటుకు నూనె పట్టింది, సీలు కూడా మార్చాలి, బండి రెండు రోజులు వదిలెయ్యమన్నాడు. మర్నాడు కుండీల లోడు ఉంది. అదంతా తర్వాత చూద్దాం, ముందు ప్లేటు వేసెయ్యమన్నది తనే. ఆ తర్వాత మేస్త్రీ మాట కావాలని మరిచిపోయాడో, నలుగురి నవ్వులో పడి కొట్టుకుపోయిందో ఆయనకే తెలియదు. తెలియదని అనుకోవడం కూడా తప్పించుకోవడమేనని మాత్రం తెలుసు.

సామాన్ల దుకాణానికి పాత ప్లేటు గుడ్డలో చుట్టుకుని వెళ్ళాడు. ఈ పాత మోడల్‌కు రెండు సైజులున్నాయి, ప్లేటు నడిమి రంధ్రంలోని పళ్ళ లెక్క కూడా కుదరాలి. కౌంటరు దగ్గరి పెద్దమనిషి పాతదాన్ని కొత్తదాని మీద పెట్టి సరిచూసి, మూడు రకాలు బల్ల మీద పరిచాడు. ఒకటి పాత ప్లేటుకే కొత్త పట్టీ అతికించింది. రెండోది గట్టి స్ప్రింగులది, ఎంత లోడైనా లాగుతుంది గానీ పెడల్ రాయిలా ఉంటుంది. మూడోది కంపెనీ సెట్టు, ప్లేటూ ప్రెషర్ ప్లేటూ బేరింగూ కలిపి. పెడల్ మెత్తన, బరువు మాత్రం హద్దులో వేసుకోవాలి. అదంతా చెప్పి, ఎవరు నడుపుతారని అడిగాడు.

మామూలుగా అయితే పీట కథకు ఇంతకంటే మంచి సందు దొరకదు. కుండీలాయన పాత ప్లేటును మళ్ళీ గుడ్డలో చుట్టేశాడు. "పెడల్ మెత్తగా ఉండేదివ్వండి. సీలు కూడా," అన్నాడు.

ఆ సాయంత్రం మెకానిక్, క్లచ్ ప్లేటు ఆనే ఫ్లైవీల్ చక్రాన్ని విప్పి సీలు మార్చాడు. లోపలి మడ్డి కడిగి, ఫ్లైవీల్‌ను లేత్ పనికి పంపకుండా తనే గరుకు కాగితంతో రుద్ది శుభ్రం చేశాడు. కొత్త ప్లేటును చేత్తో ముట్టుకోబోతే కుండీలాయనను ఆపాడు. వేలి జిడ్డు కూడా దానికి పనికిరాదట. గేర్‌బాక్స్ ఎక్కించడం మర్నాటికి పెట్టుకున్నారు.

ఇంటికెళ్ళేసరికి మొక్కలమ్మ నారు తీసి సంచుల్లోకి మారుస్తోంది. కుండీలాయన పక్కన గొంతుక్కూర్చుని చేతికి సంచులు అందిస్తూ మొత్తం చెప్పాడు. నూనె సంగతి, సీలు సంగతి. ఇంకొకటి మిగిలింది. చేతిలోని సంచి కింద పెట్టి అదీ చెప్పాడు.

"ఆ మేస్త్రీ అప్పుడే చెప్పాడు. నేను విన్నాను. నీకు చెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదు?"

"నలుగురూ నవ్వారు. ఆ తర్వాత నోరు రాలేదు."

ఆవిడ చేతిలో ఉన్న మొక్కను సంచిలో నిలబెట్టి, చుట్టూ మట్టి అదిమింది.

"నేను నిజమేననుకున్నానండీ. ఇంట్లో ఎవరూ లేనప్పుడు కుర్చీలో కూర్చుని ఎడమకాలు నేలకు నొక్కి, ఎత్తి చూసుకునేదాన్ని. నాకు తెలియకుండా ఆనుతోందేమోనని. ఎన్నిసార్లు చూసినా తేలేది కాదు."

తిట్టినా బాగుండేదని ఆయన అనుకున్నాడు. ఆవిడ తిట్టలేదు. నారుకు నీళ్ళు పట్టాలి, కాస్త ఆ పంపు తిప్పండి అంది. ఆయన వెళ్ళి తిప్పాడు.

మర్నాడు రమ్మని బతిమాలితే షెడ్డుకు వచ్చింది. మెకానిక్ తాళం ఆయన చేతికివ్వబోతే, ఆయన ఆవిడకివ్వమన్నాడు. మొక్కలమ్మ సీటు ముందుకు జరుపుకుంది, అద్దం సర్దుకుంది. పెడల్ రెండుసార్లు తొక్కి వదిలి, మూడోసారి మెల్లగా వదులుతూ బండిని కదిలించింది. కుదుపు లేదు, ఇంజను ఆగిపోలేదు. సందు చివరిదాకా వెళ్ళి, లారీకి దారిచ్చి, తిప్పుకుని వచ్చి, బయల్దేరిన చోటే ఆపింది. అక్కకు చెయ్యి బాగా తిరిగిందే అన్నాడు మెకానిక్, అడక్కుండానే.

ఆవిడ దిగి తాళం భర్త చేతిలో పెట్టింది.

"బాగుంది. మీరే నడపండి."

"ఇంకా భయమా?"

"చేతకాక కాదండీ. అప్పట్లో గురువారం వస్తోందంటే ముందురోజు నుంచే కాలు నిలిచేది కాదు. ఇప్పుడా ఆత్రం లేదు. ఎక్కడ పోయిందో వెతుక్కునే ఓపికా లేదు."

ఆయన తాళం జేబులో వేసుకున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఆకులు మాత్రం ఏం చేస్తాయి.

నెల తిరక్కుండా బావమరిది ఇంట్లో అందరూ భోజనాలకు కలిశారు. పీట కథ ఎక్కువసార్లు చెప్పింది ఆ ఇంట్లోనే. కుండీలాయన అన్నం ముందు కూర్చుని, తప్పు సీలుదనీ, ఆ సంగతి దాచింది తాననీ, మీ అక్క కాలు ఏనాడూ క్లచ్ మీద ఆనలేదనీ అందరికీ వినబడేలా చెప్పాడు. బావమరిది ముద్ద చేతిలోనే పట్టుకుని ఆలోచించాడు.

"ఏ కథ బావా? నాకు గుర్తులేదే."

మిగతావాళ్ళకూ గుర్తులేదు. ఏదో నవ్వులాట అయ్యుంటుందిలే అనుకుని వేరే మాటల్లో పడ్డారు. ఇన్నేళ్ళూ దాన్ని గుర్తుపెట్టుకున్నది ఇద్దరే. అందులో ఒకరు నవ్వించడానికి, ఒకరు మరిచిపోలేక. మొక్కలమ్మ వంచిన తల ఎత్తకుండా అన్నం తింటోంది.

ఆ తర్వాత కుండీలాయన పద్నాలుగు చోట్లకూ తనే వెళ్ళి అడిగాడు. చాలామంది ప్లాస్టిక్ మొక్కలకు మారిపోయారు. కొన్ని ఆఫీసులు ఉన్నచోట లేవు. ఒక పళ్ళ డాక్టరు, ఒక అకౌంట్ల ఆఫీసు మాత్రం సరేనన్నారు. గురువారం ఆయన నడుపుతాడు, ఆవిడ పక్కన కూర్చుంటుంది. ఎక్కడ ఏ మొక్క పెట్టాలో ఆవిడే చెబుతుంది. దారిలో ఎక్కువ మాటలుండవు. ఎత్తు వచ్చినప్పుడు ఒక్కోసారి, రోడ్డు వైపే చూస్తూ, ఇక్కడ రెండో గేరు వెయ్యండి అంటుంది. ఆయన వేస్తాడు. ఆవిడ చెప్పింది ఎప్పుడూ సరిపోతుంది.