తొలి నెత్తురు ఎవరిదైతే

హోయ్ట్ కాన్స్లర్ తన అడవి గేటు తాళంచెవి తిరిగి ఇచ్చెయ్యమని అడిగితే వెర్నెల్ స్పైవీ కాదనలేదు. వంటింటి మేకు మీంచి తీసి ఆయన అరచేతిలో పెట్టింది. ముప్పై ఒక్క ఏళ్లు అక్కడే వేలాడిన తాళంచెవి అది. వెర్నెల్ నాన్నా హోయ్ట్ గారూ ఒకనాడు చేతులు కలుపుకుని ఒక మాట అనుకున్నారు. కాన్స్లర్ వేరుశనగ చేలమీద పడే అడవిపందుల సంగతి స్పైవీలు చూసుకోవాలి, బదులుగా వాగు పక్కనున్న చిత్తడి అడవిలో వాళ్లు ఎప్పుడైనా తిరగొచ్చు, వేటాడుకోవచ్చు. కాగితం లేదు, సంతకం లేదు. నాన్న పోయాక ఆ మాట వెర్నెల్‌కి దక్కింది. ఏడాదిలో తొమ్మిది నెలలు బడి బస్సు నడుపుతూ ఊళ్లో పిల్లలందరి గోలా ఆవిడ ఓర్చుకునేది వేసవిలో ఆ అడవి ఉందన్న ధైర్యంతోనే.

ఈ ఏడు మాత్రం పందులు ఆవిడ పరువు తీశాయి. హోయ్ట్ రెండుసార్లు విత్తాడు, రెండుసార్లూ మూడో రోజుకల్లా సాలు వెంట సాలు పెళ్లగించి ఒక్కొక్క గింజా ఏరుకు తినేశాయి. మూడోసారి విత్తడం సోమవారం. అదీ పోతే ఇక అదును లేదు, జార్జియా ఎండలు ఎవరి కోసమూ ఆగవు.

"మా చెల్లెలి కొడుకు బ్రాంట్లీ అడుగుతున్నాడమ్మాయ్, నేను చూసుకుంటానని," అన్నాడు హోయ్ట్, మొహం పక్కకి తిప్పుకుని. "నీ మాట తీసెయ్యలేను, వాడి మాటా తీసెయ్యలేను. సోమవారం లోపల ఆ ముసల్దాన్ని ఎవరు పడగొడితే తాళంచెవి వాళ్లది."

ముసల్దంటే మందని నడిపే పెద్ద ఆడపంది. దాని ఎడం చెవి ఎప్పుడో ఏ కుక్కో పీక్కుపోయింది. ఎక్కడ విత్తారో, ఎప్పుడు మనుషులుండరో దానికి తెలిసినంత హోయ్ట్‌కి కూడా తెలియదు. అది పడిందంటే మిగతావి రెండు మూడు వారాలు దారీ తెన్నూ లేక తిరుగుతాయి. ఈలోపు మొలకలొచ్చేస్తే గింజకి గండం గడిచినట్టే.

"సరే హోయ్ట్ గారూ. మొదటి దెబ్బ మీ వాణ్ణే కొట్టమనండి," అంది వెర్నెల్.

ఆ మాట ఎవరూ అడగలేదు. ఆవిడే అంది, పొగరుకొద్దీ.

శనివారం తెల్లవారగానే ఇద్దరూ చేను గట్టున పాత ట్రెయిలర్ చాటున కూర్చున్నారు. గాలి అడవి వైపు నించి చక్కగా మొహానికి కొడుతోంది. ఇద్దరి చేతుల్లోనూ చిన్న తూటా పట్టే పాయింట్ టూ టూ రైఫిళ్లే. చేనుకి అవతల నీళ్లు చిమ్మే పొడుగాటి పైపులూ, వాటి వెనక చర్చీ ఉన్నాయి కాబట్టి ఆ చేలో అంతకంటే పెద్ద తుపాకి పేల్చడానికి హోయ్ట్ ఒప్పుకోడు. ఈ నియమం బ్రాంట్లీకి మింగుడుపడలేదు. ముప్పై నాలుగేళ్లవాడు, ట్రాక్టర్లు అమ్ముతాడు, జింకల వేటలో మాత్రం పేరున్నవాడే.

"చిన్నప్పుడు దీంతో ఉడతల్ని కొట్టేవాణ్ణి మిస్ వెర్నెల్," అన్నాడు గుసగుసగా. "ఈ తూటాతో అంత పందిని చంపాలంటే ముందు దానికి మత్తుమందు పెట్టాలి."

"తూటా చిన్నదే నాయనా. దాన్ని పెట్టాల్సిన చోటు ఇంకా చిన్నది. చెవి మొదలుంది చూశావూ, దానికి ఒక్క వేలెడు వెనక. అక్కడ తగిలితే ఇంకో అడుగు వెయ్యదు. ఇంకెక్కడ తగిలినా నిన్ను తిట్టుకుంటూ పోతుంది."

"భుజం వెనక పెడితే?"

"అది జింకకి. పంది గుండె బాగా ముందుకీ కిందకీ, ముంగాళ్ల మధ్యన ఉంటుంది. భుజం వెనక కొట్టావంటే తూటా పొట్టలోకి పోతుంది. పడదు, ఊరికే నరకం పడుతుంది."

"అర్థమైంది లెండి. మా గోడమీద పదకొండు జింకల కొమ్ములున్నాయి. వాటంతటవే మొలవలేదుగా."

"ఉండనీ, టోపీలు తగిలించుకోడానికి బాగుంటాయి."

బ్రాంట్లీ నవ్వు ఆపుకోలేక మోచేతిలో మొహం దాచుకున్నాడు. కుర్రాడు చెడ్డవాడు కాదనీ, ఒట్టి వాగుడుకాయనీ వెర్నెల్‌కి అప్పుడే అనిపించింది. అలా అనిపించడం ఆవిడకేమీ నచ్చలేదు.

పొగమంచు నేలమీంచి ఇంకా లేవకముందే మంద బయటికొచ్చింది. ముందు ముసల్ది, వెనక ఇంకో రెండు ఆడపందులు, వాటి కాళ్ల మధ్య లెక్కలేనన్ని పిల్లలు. ముసల్ది గట్టు దిగి, ఆగి, గాలి పీల్చి, తల దించి, గింజేమైనా మిగిలిందేమోనని సాలు తవ్వడం మొదలుపెట్టింది. నలభై అడుగుల దూరం. కుడి పక్క, అంటే చెవి ఉన్న పక్క, వీళ్ల వైపుకే ఉంది. ఇంతకంటే మంచి అవకాశం ఎవరికీ రాదు. తన తుపాకి ఒళ్లోనే పెట్టుకుని వెర్నెల్ పళ్లు బిగబట్టింది.

బ్రాంట్లీ తుపాకి ఎత్తాడు. గొట్టం చివర సరిగ్గా చెవి మీదకే వెళ్లింది. అక్కడ ఒక్క క్షణం నిలిచింది. తరవాత పదకొండు జింకల అలవాటు దాన్ని మెల్లగా వెనక్కి లాగి భుజం వెనక మడత మీదకి చేర్చింది. వద్దని చెప్పడానికి వెర్నెల్ నోరు తెరిచే లోపే తుపాకి పేలింది.

ముసల్ది ఒక్కసారి ముడుచుకుని, కీచుమని అరిచి, అడవిలోకి దూసుకుపోయింది. మందంతా దాని వెనకే పోయింది. చేలో పొగమంచు తప్ప ఏమీ మిగల్లేదు.

"తగిలింది," అన్నాడు బ్రాంట్లీ. మొహం పాలిపోయి ఉంది. "తగిలింది కదా?"

వెర్నెల్ వెళ్లి గట్టు దగ్గర ఆకులు తిరగేసి చూసింది. నెత్తురుంది. అందులో పచ్చగా, అరగని మేత. తూటా పొట్టలోకే పోయింది.

ఆ ప్రాంతం వేటగాళ్లకి ఒక కట్టుబాటుంది. తొలి నెత్తురు ఎవరు తీస్తే జంతువు వాళ్లదే. తర్వాత దాన్ని ఎవరు వెతికినా, ఎవరు పడగొట్టినా లెక్కలోకి రాదు. వెర్నెల్ నాన్న ఈ కట్టుబాటు కోసం సొంత తమ్ముడితో రెండేళ్లు మాట్లాడలేదు. కాబట్టి ఇప్పుడు తను అడవిలోకి వెళ్లి ముసల్దాన్ని పడగొడితే తాళంచెవిని చేతులారా బ్రాంట్లీకి ఇచ్చినట్టే.

ఆ సంగతి బ్రాంట్లీకీ తెలుసు. "మిస్ వెర్నెల్, ఒక మాట. ఇవాళ ఎవరమూ కాల్చలేదని చెబుదాం. రేపు ఇంకో ఆడపంది బయటికొస్తుంది, దాన్ని మీరే కొట్టండి. ముసల్ది అదేనని మావయ్యతో నేను చెబుతా. మీ తాళంచెవి మీకొస్తుంది, నా పరువు నాకుంటుంది."

వెర్నెల్‌కి ఒళ్లు మండింది. ఆ మాట తనకి ఒక్క నిమిషం తియ్యగా వినిపించినందుకు ఇంకా మండింది. "పొట్టలో తూటాతో అది రెండు రోజులపాటు చస్తూ ఉంటుంది. నువ్వు ఇంటికెళ్లి కోడిగుడ్లు తింటావా? నడు ముందుకి."

చిత్తడిలో మోకాళ్ల లోతు నల్లటి నీళ్లు. సైప్రస్ చెట్ల మధ్య నెత్తురు చుక్కలు ఆకుల మీద తప్ప ఎక్కడా కనపడవు. వెర్నెల్‌కి ఈ నీళ్లు ఆరో ఏటి నించీ తెలుసు. పంది ఎటు పోతుందో ఆవిడ వెతకలేదు, అది పోయే చోటికే తిన్నగా నడిచింది. అరగంటకి ముసల్ది కనపడింది. లావాటి చెట్టు మొదలుకి ఆనుకుని తొడల లోతు నీళ్లలో నిలబడి రొప్పుతోంది. వీళ్ల వైపుకి ఎడం పక్క ఉంది. అక్కడ చెవి లేదు, మానిన గాయం మచ్చ మాత్రం ముద్దలా ఉంది. వేలెడు వెనక అనడానికి ముందు చెవంటూ ఉండాలి కదా.

"నువ్వు అలా చుట్టూ తిరిగి దాని తోక వైపుకి వెళ్లు. దూరంగానే ఉండు, మాట్లాడుతూ ఉండు. నీ వైపు తిరుగుతుంది, అప్పుడు చెవి నాకు కనపడుతుంది," అంది వెర్నెల్.

"మీదకొస్తే?"

"చెట్టెక్కు."

"ఏం మాట్లాడను?"

"నీ జింకల కథ చెప్పు. వింటే ఎవరైనా తిరిగి చూస్తారు."

బ్రాంట్లీ వెళ్లాడు. నడుము లోతు నీళ్లలోకి దిగి, గొంతు పగిలిపోతుంటే, మొదటి జింకని ఏ ఏడాది కొట్టాడో, అప్పుడు ఎంత చలో, తన బూటుకి ఎక్కడ చిల్లుందో పంతులుగారికి పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. రెండో జింక సగంలో ఉండగా ముసల్ది బరువుగా, మెల్లగా అటు తిరిగింది. కుడి చెవి వెర్నెల్ ముందుకొచ్చింది.

ఆవిడ తుపాకి పేల్చినట్టు కూడా వినపడలేదు, ఎండుపుల్ల విరిగినట్టుంది అంతే. ముసల్ది అరవలేదు, అడుగు వెయ్యలేదు. నీళ్లలో కూర్చుండిపోయింది.

"నీ తప్పేం లేదే ముసల్దానా," అంది వెర్నెల్ పైకే. ఆవిడకి నిజంగానే బాధేసింది. ఇన్నేళ్లు తనని ఏడిపించిన బుర్ర అది, అలాంటిది ఆ అడవిలో ఇంకోటి లేదు.

ఇద్దరూ కాళ్లకి తాడు కట్టి లాక్కొచ్చేసరికి ఎండ ఎక్కేసింది. హోయ్ట్ గట్టు దగ్గర ట్రక్కు తలుపు తీసుకుని కూర్చుని ఉన్నాడు. దిగి వచ్చి పంది చుట్టూ ఒకసారి తిరిగాడు. పొట్ట దగ్గరి చిల్లు చూశాడు, చెవి వెనక చిల్లు చూశాడు.

"ఎవరిది?" అన్నాడు.

వెర్నెల్ తడి బూట్ల మీద తిన్నగా నిలబడింది. "తొలి నెత్తురు మీ వాడిది," అంది. లోపల మాత్రం ఎవరో ముంగిట్లో చెట్టు నరికేస్తున్నట్టుంది.

చూసినదాన్ని బట్టి ఏం జరిగిందో హోయ్ట్‌కి బాగానే అర్థమైంది. కానీ ఆయన అన్న మాట ఆయనకే అడ్డొచ్చినా తప్పే మనిషి కాదు. జేబులోంచి తాళంచెవి తీసి మేనల్లుడి ముందు చాపాడు. "ఇంద. కట్టుబాటు కట్టుబాటే."

బ్రాంట్లీ దాని వంక చూశాడు. ఎండిన బురద మొహం మీద పొలుసులు కట్టి ఉంది. చేతులు జేబుల్లోకి పోయాయి, బయటికి రాలేదు.

"పంది నాదే మావయ్యా, ఎందుకు కాదంటాను. మాంసం పట్టుకుపోతా. ఇది మాత్రం నాకొద్దు."

"ఎందుకొద్దురా? నువ్వేగా అడిగావు!"

"ఇది నా దగ్గరుంటే చేను తవ్వేనాటికి నీకు ఒక్క కాయ మిగలదు." ఆ మాట ఒక్క బిగిన అనేసి నేల చూపులు చూశాడు. "నేను దాన్ని నరకంలో పెట్టాను. ఆవిడ బయటపడేసింది."

హోయ్ట్ గడ్డం గోక్కున్నాడు. గాల్లో చాపిన చెయ్యి అలాగే ఉంది. కాసేపటికి అది తనంతట తానే వెర్నెల్ వైపు తిరిగింది.

వెర్నెల్ థాంక్స్ చెప్పలేదు. తాళంచెవి అందుకుని గుప్పిట్లో బిగించింది, వేళ్లు నొప్పి పుట్టేదాకా వదల్లేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి, మొహం మీది చెమటతో కలిసిపోతాయిలే అని తుడుచుకోను కూడా లేదు. తర్వాత కత్తి తీసి పంది పక్కన మోకాళ్ల మీద కూర్చుంది.

"ఇలా రా అబ్బాయ్," అంది బ్రాంట్లీని. "ఈ చెవి వెనక వేలు పెట్టు. ఇంకొంచెం కిందకి. ఆఁ, అక్కడ. ఎముక పల్చగా తగులుతోందా?"

"తగులుతోంది," అన్నాడు బ్రాంట్లీ.

"వేలు తియ్యకు," అంది వెర్నెల్.